బ్రిటన్‌లో చదువుకొనే విద్యార్థికి ఉచిత వైద్యం: కట్టిన డబ్బు పనికి రావాలంటే

వరంగల్ నుంచి వచ్చే సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌కు ఎం.ఎస్సీ. చదవడానికి వస్తున్న మీరు నాలుగు సంగతులు అడిగారు. వీసాతో పాటు ఆరోగ్య రుసుము కింద 1,164 పౌండ్లు కట్టించుకున్నారు, అది బీమానా, దానికి కార్డు ఏదైనా ఇస్తారా అన్నది మొదటిది. థైరాయిడ్ మాత్రలు ఏడాదికి సరిపడా ఇక్కడి నుంచే తెచ్చుకోవాలా అన్నది రెండోది. కన్సల్టెన్సీ వారు వేరే బీమా కూడా తీసుకోమంటున్నారు, అవసరమా అన్నది మూడోది. పట్టా ప్రదానానికి అమ్మానాన్నలు వస్తే వారికీ ఈ ఉచిత వైద్యం వర్తిస్తుందా అన్నది నాలుగోది. నేను 2009లో ఇక్కడికి విద్యార్థిగా వచ్చి, ఆ తరువాత ఇంగ్లండులోనే మందుల షాపులో ఫార్మసిస్టుగా స్థిరపడ్డాను. మీలాంటి పిల్లలు మా కౌంటరు దగ్గర ఏటా ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మీరు కట్టింది బీమా ప్రీమియం కాదు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ 1948 జూలై 5న మొదలైంది. దానికి డబ్బు ప్రధానంగా పన్నుల నుంచి వస్తుంది, రోగి నుంచి కాదు. నేను వచ్చిన రోజుల్లో ఆరు నెలలకు మించిన కోర్సు చదివే విదేశీ విద్యార్థికి కూడా ఇది ఉచితంగానే అందేది. 2015 ఏప్రిల్‌లో ఈ ఆరోగ్య రుసుము పెట్టి విద్యార్థికి ఏడాదికి 150 పౌండ్లుగా నిర్ణయించారు. 2019లో అది 300, 2020లో 470 అయి, 2024 ఫిబ్రవరి 6 నుంచి 776కు చేరింది. మీ కోర్సు పన్నెండు నెలలది. వీసా మాత్రం కోర్సుకు ముందు ఒక నెల, తరువాత నాలుగు నెలలు కలుపుకొని పదిహేడు నెలల దాకా ఇస్తారు. ఏడాది దాటిన భాగం ఆరు నెలల లోపు ఉంటే సగం రుసుమే తీసుకుంటారు కాబట్టి 776కు 388 కలిపి 1,164 అయింది. మీ లెక్క సరిగానే ఉంది. చదువుకుంటూ చిన్న ఉద్యోగం చేస్తే జీతం నుంచి పన్నులు కూడా పోవచ్చు కదా, ఒకే వైద్యానికి రెండుసార్లు కట్టడమేమిటని విద్యార్థులు అడుగుతారు. ఆ మాటలో న్యాయం ఉందనే నా అభిప్రాయం, కానీ నిబంధన అయితే అదే.

ఈ డబ్బు కట్టిన మీకు, వీసా మొదలైన రోజు నుంచి ముగిసే రోజు వరకు, ఇక్కడ స్థిరనివాసం ఉన్నవారికి ఏ షరతుల మీద వైద్యం అందుతుందో దాదాపు అవే షరతుల మీద అందుతుంది. సంతానలేమి చికిత్స వంటి ఒకటి రెండు మినహాయింపులున్నా అవి మీకు సంబంధించినవి కావు. ముందునుంచి ఉన్న జబ్బులని పక్కన పెట్టరు, ఇంతవరకే అన్న పరిమితి లేదు, క్లెయిము ఫారాలు లేవు. కార్డు కూడా లేదు. మన దగ్గర ఆరోగ్యశ్రీ అనగానే కార్డు ఏదీ అన్న ప్రశ్న ముందు వస్తుంది కనుక ఇక్కడా ఆ కార్డు కోసం ఎదురుచూస్తూ నెలలు గడిపిన పిల్లలను చూశాను. మీరు రుసుము కట్టిన సమాచారం, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోమ్ ఆఫీసు నుంచి ఎన్‌హెచ్‌ఎస్ కంప్యూటర్లకు చేరుతుంది. మీ చేతికి వచ్చేదల్లా పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబరు, అది కూడా మీరు జీపీ దగ్గర పేరు నమోదు చేసుకున్న తరువాతే.

ఈ జవాబు మొత్తంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, ఆ మాట ఈ నమోదు గురించే కావాలని నా కోరిక. జీపీ అంటే మన ఊళ్లో కుటుంబ వైద్యుడి వంటి వారు, కానీ అంతకంటే చాలా ఎక్కువ. ఇక్కడ చర్మానికి ఒక డాక్టరు, కడుపుకు ఒక డాక్టరు అని బోర్డు చూసుకొని నేరుగా వెళ్లి ఓపీ చీటీ రాయించుకొనే పద్ధతి ప్రభుత్వ వైద్యంలో లేదు. అత్యవసరం కానిదేదైనా జీపీ ద్వారానే నడుస్తుంది. నిపుణుడి దగ్గరకు పంపేది, రక్తపరీక్ష రాసేది, ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితాలు దాచేది అన్నీ వారే. ఆ జీపీలు కూర్చొనే చోటును ఇక్కడ సర్జరీ అంటారు; ‘రేపు సర్జరీకి రండి’ అని ఫోను వస్తే ఆపరేషన్ అనుకొని గాభరా పడకండి.

దిగిన మొదటి వారంలోనే, బ్యాంకు ఖాతా తెరిచే పనితో పాటే, మీరుండే ఇంటికి దగ్గరలోని సర్జరీలో పేరు రాయించుకోండి. చాలా విశ్వవిద్యాలయాలకు క్యాంపస్‌లోనో పక్కనో ఒక సర్జరీ ఉంటుంది. లేకపోతే ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో పిన్‌కోడు వంటి పోస్ట్‌కోడు కొడితే దగ్గరివన్నీ కనిపిస్తాయి. ఒక్క పైసా ఖర్చు లేదు. ఇంటి అద్దె ఒప్పందం తెమ్మనీ వీసా చూపించమనీ కొన్నిచోట్ల రిసెప్షన్ వారు అడుగుతారు, ఉంటే చూపించడంలో తప్పేమీ లేదు. అయితే ఇంగ్లండులో అవి లేవన్న కారణంతో నమోదు నిరాకరించకూడదన్నది ఎన్‌హెచ్‌ఎస్ నిబంధన. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ మాట మర్యాదగా చెబితే చాలాసార్లు పని అయిపోతుంది.

ఒంట్లో బాగున్నప్పుడు నమోదు ఎందుకని అందరూ అనుకుంటారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. డిసెంబరులో కడుపునొప్పి వస్తే, ఇంటి నుంచి తెచ్చుకున్న గ్యాస్ మాత్రలు నాలుగు రోజులు మింగాడు. అంబులెన్సు పిలిస్తే ఎంత బిల్లు వేస్తారో అని భయపడి, చివరికి వంగిపోయి నడుస్తూ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాడు. అపెండిక్స్ పగిలే దశలో ఉంది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు, మంచి వైద్యమే జరిగింది, పైసా తీసుకోలేదు. చిక్కంతా తరువాత వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి వారు మిగిలిన పని మీ జీపీ చూసుకుంటారని రాశారు. ఇతనికి జీపీయే లేరు! గాయానికి కట్టు మార్చే నర్సు కోసం, కళాశాలకు ఇవ్వాల్సిన అనారోగ్య పత్రం కోసం, పుండు చీము పట్టిందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి, ఆ నొప్పితోనే సర్జరీల చుట్టూ తిరిగాడు. ప్రాణం కాపాడే చోట నమోదు ఉందా అని ఎవరూ అడగరు. ఆ తరువాత పదిహేను రోజులు సజావుగా గడవాలంటే అది ఉండాలి. ఇక అంబులెన్సు సంగతి: మన 108 లాగే ఇక్కడ 999, డబ్బేమీ తీసుకోరు. అత్యవసరమో కాదో తేల్చుకోలేకపోతే 111కు ఫోను చేస్తే వారే ప్రశ్నలడిగి ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ఇల్లు మారినప్పుడల్లా సర్జరీకి కొత్త చిరునామా చెప్పడం మరచిపోకండి. మన పిల్లలు ఆరుగురు కలిసి ఒక ఇల్లు తీసుకొని, మూడు నెలలకు మరో ఇంటికి మారుతుంటారు. ఆసుపత్రి ఉత్తరం పాత ఇంటికి పోతుంది, మీరు ఆ తేదీన వెళ్లరు, రాలేదని పేరు కొట్టేసి కేసును జీపీకి తిప్పి పంపుతారు. మళ్లీ వరుసలో చివర నిలబడాలి. ఆ వరుస చిన్నది కాదు: నిపుణుడి దగ్గరకు పంపిన తరువాత 18 వారాల్లో చికిత్స మొదలు కావాలన్న లక్ష్యం ఉన్నా, 2016 తరువాత దేశం మొత్తం మీద అది అందలేదు.

జీపీతో మాట్లాడేటప్పుడు మన తెలుగు మాటను ఆంగ్లంలోకి మార్చి చెప్పడం వల్ల కూడా ఇబ్బంది వస్తుంది. ‘వేడి చేసింది’ అన్న మాటకు ఇక్కడి వైద్యశాస్త్రంలో అర్థం లేదు. నోట్లో పుండ్లు పడ్డాయా, మూత్రంలో మంట ఉందా, ఎన్ని రోజులుగా, జ్వరం థర్మామీటరులో ఎంత చూపిందన్నది ముందే కాగితం మీద రాసుకొని చెప్పండి. మాట్లాడటానికి దొరికేది పది నిమిషాలు. మీకు ఆంగ్లం ఇబ్బంది లేకపోవచ్చు కానీ, అడిగితే తెలుగు దుభాషిని కూడా ఉచితంగా ఏర్పాటు చేస్తారన్నది చాలామందికి తెలియదు. మామూలు జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటీబయోటిక్ రాయరు, ఇంజెక్షన్ అసలే ఇవ్వరు. పారసిటమాల్ వేసుకొని విశ్రాంతి తీసుకోమంటారు. దాన్ని నిర్లక్ష్యమనుకొని కోపం తెచ్చుకోవడం మనవారిలో మామూలే. నేనూ మొదటి చలికాలంలో అలాగే అనుకున్నాను. ఫార్మసీ చదివినవాడిని అయి ఉండి కూడా.

ఇప్పుడు మందుల సంగతి. ‘ఉచిత వైద్యం’ అన్న మాటకు ఇంగ్లండులో ఉన్న పెద్ద మినహాయింపు ఇదే. డాక్టరును చూడటం, పరీక్షలు, ఆసుపత్రిలో పడక, ఆపరేషన్ ఉచితం. జీపీ రాసిన చీటీతో మందుల షాపుకు వస్తే మాత్రం ఒక్కో మందుకు 2024 మే నుంచి 9.90 పౌండ్లు. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులలో ఈ రుసుము లేదు, కనుక గ్లాస్గోలోనో కార్డిఫ్‌లోనో చదివే స్నేహితులెవరైనా మందులు ఉచితమేనని చెబితే ఆ మాట బర్మింగ్‌హామ్‌కు పనిచేయదు.

మీకు థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందనీ, రోజూ మాత్ర వేసుకుంటున్నాననీ రాశారు. అలాగైతే మీరు ఆ 9.90 కూడా కట్టనక్కర లేదు. జీవితాంతం హార్మోను మాత్ర అవసరమైన హైపోథైరాయిడిజం, మందులతో నియంత్రించే మధుమేహం, నిత్యం మందు వాడాల్సిన మూర్ఛ వంటి కొన్ని జబ్బులున్నవారికి వైద్య మినహాయింపు ధ్రువపత్రం ఇస్తారు. దాని దరఖాస్తు పేరు ఎఫ్‌పీ92ఏ. సర్జరీలోనే దొరుకుతుంది, డాక్టరు సంతకం కావాలి. సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది. అన్నిటికంటే మేలైన సంగతి, అది థైరాయిడ్ మాత్రకే పరిమితం కాదు. అది చేతిలో ఉన్నంత కాలం జీపీ మీకు ఏ మందు రాసినా ఇంగ్లండులో ఉచితమే. ఈ పత్రం సంగతి తెలియక నెలనెలా డబ్బు కట్టిన మన ఆడపిల్లలు నా దగ్గరకే చాలామంది వచ్చారు. పత్రం రాకముందు కొనాల్సి వస్తే, డబ్బు కట్టే సమయంలోనే ఎఫ్‌పీ57 అనే రసీదు అడగండి. తరువాత అడిగితే ఇవ్వడం కుదరదు, ఆ రసీదు లేకుండా డబ్బు వెనక్కి రాదు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చీటీ వెనక ‘నాకు మినహాయింపు ఉంది’ అన్న గడిలో, పత్రం రాకుండానే, స్నేహితులు చెప్పారని టిక్కు పెట్టకండి. తరువాత తనిఖీలో తేలితే మందు రుసుముతో పాటు 100 పౌండ్ల వరకు జరిమానా వేస్తారు.

మాత్రలు ఏడాదికి మూటగట్టుకొని రావద్దు. నమోదు, మొదటి అపాయింట్‌మెంటు, రక్తపరీక్ష కావడానికి పట్టే కాలానికి సరిపడా రెండు మూడు నెలలవి చాలు. వాటితో పాటు వరంగల్‌లో మీ డాక్టరు రాసిన చీటీ, చివరిసారి చేయించుకున్న థైరాయిడ్ రక్తపరీక్ష (టీఎస్‌హెచ్) రిపోర్టు తెచ్చుకోండి. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా లెవోథైరాక్సిన్ అన్న అసలు పేరు, ఎన్ని మైక్రోగ్రాములన్నది స్పష్టంగా రాయించండి. ఇండియాలో 88 మైక్రోగ్రాముల మాత్ర వాడుతుంటే అది ఇక్కడ మామూలుగా దొరకదు. 25, 50, 100 మాత్రలను కలిపి దగ్గరి మోతాదు ఇస్తారు. మోతాదు మారిన కొన్ని వారాలకు రక్తపరీక్ష అడిగి చేయించుకోండి.

జబ్బేమీ లేని మీ సహవిద్యార్థులకు కూడా ఒక దారి ఉంది. ఆదాయం, పొదుపు తక్కువగా ఉన్నవారు హెచ్‌సీ1 దరఖాస్తు పెట్టుకుంటే, లెక్క చూసి హెచ్‌సీ2 లేదా హెచ్‌సీ3 అనే పత్రం ఇస్తారు. మొదటిదైతే మందులు, ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల వైద్యం, కంటి పరీక్ష ఉచితం. రెండోదైతే పళ్ల, కళ్ల ఖర్చులో కొంత తగ్గింపు ఉంటుంది కానీ మందుల రుసుములో తగ్గింపు ఉండదు. చిన్నచిన్న బాధలకైతే డాక్టరు అవసరమే లేదు: గొంతునొప్పి, సైనస్, ఆడవారికి మూత్రంలో మంట వంటి ఏడు రకాల సమస్యలకు 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండులో ఫార్మసిస్టులమే చూసి, అవసరమైతే యాంటీబయోటిక్ ఇవ్వగలుగుతున్నాం.

పళ్ల విషయంలో నా సలహా ఒక్కటే, బయలుదేరే ముందు వరంగల్‌లోనే చూపించుకొని పుచ్చుపళ్లు, జ్ఞానదంతాల సంగతి తేల్చుకొని రండి. ఇక్కడ కొత్త రోగులను చేర్చుకొనే ఎన్‌హెచ్‌ఎస్ దంతవైద్యులు దొరకడం కష్టం. దొరికినా ఇంగ్లండులో 2025 ఏప్రిల్ ధరల ప్రకారం పరీక్షకు 27.40, పుచ్చుపన్ను పూడ్చడం, పన్ను తీయడం వంటి వాటికి 75.30, తొడుగుల వంటి వాటికి 326.70 పౌండ్లు. కళ్లద్దాలు కూడా ఒక జత అదనంగా తెచ్చుకుంటే మేలు.

మొదటిసారి సర్జరీకి వెళ్లినప్పుడు రెండు టీకాల గురించి అడగండి. కొత్తగా విశ్వవిద్యాలయంలో చేరే 25 ఏళ్ల లోపు వారికి మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా వేసే మెన్‌ఏసీడబ్ల్యూవై టీకా ఉచితం. వసతిగృహాల్లో కలిసి ఉండేవారిలో ఆ జబ్బు వేగంగా పాకుతుంది. తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో గుర్తులేకపోతే అదీ వేయించుకోవచ్చు. వీసా కోసం ఛాతీ ఎక్స్-రే తీయించుకున్నారు కదా, అయినా సర్జరీ వారు టీబీకి రక్తపరీక్ష చేద్దామని ఉత్తరం పంపితే కంగారు పడకండి. ఎక్స్-రే చూసేది బయటపడిన జబ్బును, ఈ పరీక్ష చూసేది ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్రిమిని. దాని ఫలితం మీ వీసాను ఏమీ చేయదు.

చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడే రోజుల్లో, చదువు అప్పు తలచుకొని నిద్రపట్టని పిల్లలు కొందరు మా కౌంటరు దగ్గరకు వచ్చి నిద్రమాత్రలు అడుగుతారు. అది అడగాల్సిన చోటు వేరు. ఇంగ్లండులో మాటల ద్వారా చేసే చికిత్సకు జీపీ సిఫారసు కూడా అక్కర లేకుండా మీరే పేరు ఇచ్చుకోవచ్చు. గడ్డు పరిస్థితిలో 111కు ఫోను చేసి 2 నొక్కితే ఏ సమయంలోనైనా మానసిక ఆరోగ్య సిబ్బంది మాట్లాడతారు. ఈ వివరాలు మీ అనుమతి లేకుండా విశ్వవిద్యాలయానికి గానీ ఇంటికి గానీ మామూలుగా చెప్పరు.

మీ మూడో ప్రశ్న, వేరే బీమా. బ్రిటన్ లోపల వైద్యం కోసమైతే ఆ ఖర్చు దండగ అని నా అభిప్రాయం. కానీ ఈ రుసుము బ్రిటన్ సరిహద్దు దాటితే చెల్లదు. పారిస్ చూడటానికి వెళ్లినా, సెలవులకు ఇంటికి వెళ్లినా ప్రయాణ బీమా విడిగా తీసుకోవాలి. ఇంకొక సంగతి చెప్పడానికి నాకూ ఇష్టం లేదు కానీ చెప్పకపోతే తప్పు. జరగరానిది జరిగితే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్ భరించదు. అప్పుడు మా తెలుగువారమంతా వాట్సాప్‌లో చందాలు పోగుచేయడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. స్వదేశానికి తరలించే ఖర్చును స్పష్టంగా చేర్చిన చిన్న పాలసీ అయితే తీసుకోండి. ఆ వాక్యం అందులో లేకపోతే కన్సల్టెన్సీ ఎంత పొగిడినా వద్దనండి.

మన విద్యార్థులు చాలామంది వృద్ధాశ్రమాల్లో, సంరక్షణ గృహాల్లో వారానికి ఇరవై గంటల లోపు పనిచేస్తారు. మీరూ అలాంటి పనిలో చేరితే, ఆరోగ్య, సంరక్షణ రంగంలో ఆరు నెలల పాటు సగటున వారానికి కనీసం 16 గంటలు పనిచేసినవారికి ఆ ఆరు నెలల రుసుమును తిరిగి ఇచ్చే పథకం ఒకటి ఉందని గుర్తుంచుకోండి. జీతం చీటీలు దాచిపెట్టుకొని ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. మధ్యలో ఎవరికీ కమీషను ఇవ్వనక్కర లేదు.

వీసా ముగిసిన మరునాటి నుంచి ఈ హక్కు ఉండదు. చదువు పూర్తయ్యాక ఇక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు మారాలనుకుంటే పాతది ముగియక ముందే దరఖాస్తు పెట్టండి, అప్పుడు నిర్ణయం వచ్చే వరకు పాత హక్కే కొనసాగుతుంది. కొత్త వీసాకు రుసుము ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థి తగ్గింపు అక్కడ లేదు.

ఇక అమ్మానాన్నలు. వారికి మీ రుసుము వర్తించదు, సందర్శకుల వీసాకు రుసుము కట్టించుకోరు కూడా. భారత్‌కూ బ్రిటన్‌కూ పరస్పర వైద్య ఒప్పందం లేదు. జీపీ దగ్గర తాత్కాలికంగా చూపించుకోవడం, ఆసుపత్రి అత్యవసర విభాగంలో మొదట అందే వైద్యం ఎవరికైనా ఉచితమే. అక్కడి నుంచి వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. సందర్శకులకు ఎన్‌హెచ్‌ఎస్ ధరకు ఒకటిన్నర రెట్లు వేస్తారు. గుండెపోటు వంటిది వస్తే అది లక్షల రూపాయల్లో ఉంటుంది. 500 పౌండ్లకు మించిన బాకీ రెండు నెలలు దాటితే హోమ్ ఆఫీసుకు తెలియజేస్తారు, తరువాతి వీసా ఆ కారణంతో తిరస్కరించవచ్చు. కనుక వారు విమానం ఎక్కే ముందే ప్రయాణ బీమా తీసుకోండి. నాన్నగారికి బీపీ, షుగరు ఉంటే ప్రీమియం పెరుగుతుందని దాచకుండా ఆ ఫారంలో రాయండి. దాచిన జబ్బు వల్ల వచ్చిన బిల్లును బీమా కంపెనీ కట్టదు. వారి మాత్రలు చేతిసంచిలో పెట్టించండి, సూట్‌కేసులో కాదు.